తాత మరిచిపోయిన చేతికర్ర

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మేముండే క్వార్టర్ల వరుసలో మా తాతను అందరూ లైట్ల తాత అనేవాళ్లు. బొగ్గుబాయి మీద లైట్ల గదిలో ఆయన పని. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిల్లను ఆయన చేతికిచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకునేవాడు. తాత ఆ బిల్లను బోర్డు మీది మేకుకు తగిలించేవాడు. డ్యూటీ దిగి పైకొచ్చి లైటు అప్పజెప్పినప్పుడు ఎవరి బిల్ల వాళ్లకు వెళ్లిపోయేది. బోర్డు మీద బిల్ల ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. షిఫ్టు ముగిశాక ఒక్క బిల్ల మిగిలినా తాత ఇంటికి వచ్చేవాడు కాదు. అన్నం చల్లారిపోయిందని నానమ్మ ఎంత గొణిగినా ఆయనకు పట్టేది కాదు.

అంతకు ముందు తాత కూడా బాయి లోపలే పనిచేశాడు. ఒకరోజు ఒకాయన పైకొచ్చి లైటు అప్పజెప్పకుండానే పోయాడట. బిల్ల బోర్డు మీదే ఉండిపోయింది. మనిషి లోపల చిక్కుకున్నాడని వెతకడానికి దిగినవాళ్లలో తాత కూడా ఉన్నాడు. అక్కడ పైకప్పు నుంచి బొగ్గుపెళ్ల ఊడి కాలి మీద పడింది. వీళ్లు వెతుకుతున్న ఆ మనిషేమో కల్లు దుకాణంలో చల్లగా కూర్చుని ఉన్నాడు. "ఆయన కల్లు తాగిండు, నాకు కుంటి వచ్చింది" అని తాత ఈ కథను నవ్వుతూనే చెప్పేవాడు. మేమూ పగలబడి నవ్వేవాళ్లం. ఆ కాలి వల్లే తాతకు పైన లైట్ల గదిలో పనీ, చేతిలోకి ఒక వెదురు కర్రా వచ్చాయి.

నేను ఐదో తరగతిలో ఉండగా, దసరా సెలవుల్లో, మా బడి సారు ఒకాయన పిల్లలందరినీ ధూళికట్ట తీసుకెళ్దామన్నాడు. పెద్దపల్లి అవతల పొలాల మధ్య ఒక పాత దిబ్బ ఉందట. తవ్వితే దాని కింద ఇటుకల బౌద్ధ స్తూపం బయటపడిందట. దగ్గరలోనే రెండువేల ఏళ్ల కిందట కోటగోడలున్న పట్నం కూడా ఉండేదట. మాకు ఎక్కడలేని ఆశ్చర్యం వేసింది. మా ఊళ్లో పొద్దస్తమానం తవ్వుతూనే ఉంటారు, బొగ్గు తప్ప ఇంకేమీ పైకి రాదు. అక్కడ తవ్వితే ఏకంగా పట్నమే వచ్చిందంటే చూడకుండా ఎలా ఉంటాం?

మా వరుసకు ఎదురుగా, రోడ్డు అవతల, ఆఫీసర్ల బంగళాలు ఉండేవి. అందులో ఒక ఇంజనీరుగారి అమ్మాయి నా ప్రాణస్నేహితురాలు. వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆ పిల్ల కాళ్లకు నల్లబూట్లు వేసుకుని వేరే బడికి వెళ్లేది కానీ సాయంత్రం అయ్యేసరికి అష్టాచెమ్మా ఆడటానికి మా గడపలోనే ఉండేది. మాటలు తక్కువ, బొమ్మలు వేయడం ఎక్కువ. పెన్సిలు చేతికొస్తే పక్కన పిడుగు పడినా తలెత్తదు. ఆమె లేకుండా నేను ధూళికట్ట వెళ్లనని మొండికేశాను. వాళ్లమ్మగారేమో ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"మా పిల్లది లోకం తెలియని మనిషమ్మా. ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోతుంది. నువ్వు చెయ్యి వదలనంటేనే పంపుతాను" అన్నారావిడ.

"నేనున్న కదా అమ్మగారూ, మీకేం ఫికర్ అక్కర్లేదు" అన్నాను నేను, ఏదో నలుగురు పిల్లల్ని పెంచినదానిలా. పదేళ్ల మనిషి మాట నమ్మి ఆవిడ పులిహోర కలిపి, కూతుర్ని నా చేతిలో పెట్టారు.

మాకు తోడుగా వచ్చే పెద్దవాళ్లలో మా తాత ఒకరు. ఆయన ముందురోజే మిఠాయి డబ్బా మూతలు కత్తిరించి, అంచులు అరగదీసి, ముప్పై రెండు బిల్లలు తయారుచేశాడు. మేకుతో పొడిచి వాటి మీద నంబర్లు వేశాడు. ఒక చెక్కకు వరసగా మేకులు కొట్టాడు. బస్సెక్కితే బిల్ల చెక్కకు కట్టాలి, దిగితే విప్పి జేబులో పెట్టుకోవాలి. గతుకుల్లో రాలిపోకుండా పురికొసతో ముడి వేయాలి. ఎవరి బిల్ల వాళ్లే కట్టాలని గట్టిగా చెప్పాడు. "ఈ బస్సే బాయి అనుకోండ్రి. బోర్డు మీద బిల్ల ఉంటె మనిషి లోపల ఉన్నట్టు" అన్నాడు. ఆ చెక్కను చూసుకునే ఉద్యోగం నాకిచ్చాడు. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు.

దారిలో పెద్దపల్లి దగ్గర చాయ్ కోసం ఆగి మళ్లీ ఎక్కినప్పుడు ముడుల సంగతి నవ్వులాటగా మారింది. మగపిల్లలు ఎవరికీ విప్పరాని చిక్కుముళ్లు వేశారు. నేను మా అమ్మ పూలదండ కట్టే ముడి వేశాను, దారం రెండు చుట్లు తిప్పి లోపల నుంచి లాగేది. నా స్నేహితురాలికి తెలిసింది ఒకటే ముడి, బూటు లేసు ముడి. ఇరవై రెండో నంబరు మేకు మీద రెండు రెక్కలు చాచి సీతాకోకచిలుక వాలినట్టు ఉంది అది. అందరూ విరగబడి నవ్వారు. తాత మాత్రం దగ్గరికొచ్చి చూసి, "మంచిగున్నది బిడ్డా, దూరంకెల్లి చూసినా నీదేనని ఎరుకైతది" అని మెచ్చుకున్నాడు.

రోడ్డు దగ్గర బస్సు దిగి పొలం గట్ల మీద నడిచి దిబ్బకు చేరాం. నిజం చెప్పాలంటే మొదట నా ఉత్సాహం చల్లారిపోయింది. పట్నమన్నారు, కోట అన్నారు, చూస్తే గుండ్రంగా పేర్చిన పాత ఇటుకలు, చుట్టూ నిలబెట్టిన రాతిపలకలు, దూరంగా వాగు. అయితే సారు ఒక్కొక్క పలక దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాక కళ్లు వాటంతట అవే తెరుచుకున్నాయి. ఒక పలక మీద పడగలు విప్పిన పెద్ద నాగుపాము, దాని ఒంటి మెలికలు చూస్తే మా అమ్మ జడ గుర్తొచ్చింది. మరో రాతి మీద రెండు పాదాలు. ఇంకో చోట గొడుగు కింద ఖాళీ పీట. పలకలు చేయించి ఇచ్చినవాళ్ల పేర్లు కూడా చెక్కి ఉంటాయని, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారని సారు చెప్పాడు.

"మరి బుద్ధుడేడి సార్?" అని అడిగాన్నేను. పాదాలున్నాయి, పీట ఉంది, మనిషి ఎక్కడా లేడు.

ఆ కాలంలో ఆయన రూపం చెక్కేవాళ్లు కాదనీ, పాదాలు కనిపిస్తే ఆయన అక్కడ ఉన్నట్టేననీ సారు చెప్పాడు. పిల్లలం ముఖాలు ముఖాలు చూసుకున్నాం. వెనక నిలబడ్డ తాతకు మాత్రం చటుక్కున అర్థమైపోయింది. "ఇందుల సమజ్ కానిదేమున్నది? మా లైట్ల రూముల బిల్ల లెక్కనే. మనిషి కనవడడు, లోపల ఉంటడు" అన్నాడు. సారు ఔనన్నట్టు తల ఊపాడు. ఆ పాదాల ముందు మా తాత కర్ర పక్కన పెట్టి, లైట్ల గదిలోకి అధికారి వచ్చినప్పుడు నిలబడ్డట్టు నిలబడి దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం వాగు ఒడ్డున తిన్నాం. మా సర్వపిండి ఆమె తింది, ఆమె పులిహోర నేను ఖాళీ చేశాను. తిన్నాక పిల్లలంతా తంగేడు పూల మీద పడ్డారు. రేపటి బతుకమ్మకు సరిపడా కోసుకుపోదామని ఒకరితో ఒకరు పోటీ. సారు తన ఊరు అక్కడికి దగ్గరే కాబట్టి అటే వెళ్లిపోయాడు. నా స్నేహితురాలు తిరిగి నాగుపాము పలక దగ్గరికెళ్లి, కాగితం పరిచి బొమ్మ వేస్తూ కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టగానే నేను పరుగెత్తి వెళ్లి పిలిచాను.

"పడగలు అయిపోయాయే. ఒళ్లు గీసేసి వెంటనే వచ్చేస్తాను. ఇదిగో, నా బిల్ల నీ దగ్గరుంచు" అంది తల ఎత్తకుండా.

నేను బిల్ల తీసుకున్నాను. తప్పంతా ఆ తర్వాత జరిగింది. బస్సు దగ్గర పిల్లలు పూలకట్టలతో తోసుకుంటున్నారు, అందరూ బిల్లలు కట్టాలని నా మీద పడుతున్నారు. నేను పెద్ద మేస్త్రీలా అరుస్తూ, వరసలో నిలబెడుతూ, నా బిల్లతో పాటు ఆమె బిల్ల కూడా కట్టేశాను. వెంటనే వస్తానంది కదా, వచ్చినట్టేలే అనుకున్నాను. అంతలో డ్రైవరన్న "చెక్క పట్టుకునే దొరసాని ముందట కూసోవాలె" అని ఇంజను డబ్బా మీద చోటిచ్చాడు. బస్సులో అందరికంటే ముందు, రోడ్డంతా నాదే! ఒళ్లో బోర్డు పెట్టుకుని కూర్చున్న నాకు వెనక ప్రపంచం ఉందన్న సంగతే గుర్తులేదు. వెనక తలుపు దగ్గర నుంచి తాత అడిగాడు, అందరూ వచ్చారా అని. నేను మేకులు చూశాను. ఒక్కటీ ఖాళీ లేదు. "వచ్చిండ్రు తాతా, బోర్డు నిండింది!" అని కేక పెట్టాను.

బస్సు కదిలింది. ఒక మలుపు తిరిగి చెరువుకట్ట దగ్గరికి వచ్చేసరికి తాత సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చాడు. నా భుజం మీదుగా బోర్డు వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఇరవై రెండో మేకు దగ్గర ఆగిపోయాడు. వెనక్కి తిరిగి సీట్లన్నీ ఒకసారి కలియజూశాడు. నేనేమో ఆయన నా పనిని మెచ్చుకోబోతున్నాడని ఎదురుచూస్తున్నాను.

"డ్రైవరన్నా, జర ఆపు. నా కట్టె దిబ్బకాడ మర్చిపోయిన" అన్నాడు తాత, బస్సంతా వినిపించేలా.

పిల్లలు గొల్లున నవ్వారు. కుంటివాడు కర్ర మరిచిపోవడమేమిటని డ్రైవరన్న కూడా నవ్వాడు. "ఇంత పెద్ద మనిషివి, నీకు కూడ ఒక బిల్ల కట్టవలసిండె తాతా" అన్నాడు. తాత ఆ మాటకు తానే అందరికంటే గట్టిగా నవ్వి, నా చేతిలోని బోర్డు తీసుకుని, ఏదో సర్దుతున్నట్టు సర్ది, డ్రైవరు చేతికిచ్చాడు. నన్ను తోడు రమ్మన్నాడు. నేనొక్కదాన్నే ఉరికి కర్ర తెస్తానన్నాను. "నీకొక్కదానికే దొరకది, పా" అన్నాడు.

నా భుజం మీద చెయ్యి వేసి కుంటుకుంటూ నడిచాడు. ఆ చెయ్యి ఎప్పటికంటే బరువుగా ఉంది, నడక ఎప్పటికంటే తొందరగా ఉంది. బస్సు కనుమరుగైంది. గట్టు మీదికి ఎక్కాక జేబులోంచి ఒక బిల్ల తీసి నా ముందు పట్టుకున్నాడు. విప్పలేదు, పురికొసను కత్తిరించి ముడితో సహా తెచ్చాడు.

"గీ ముడి ఎవలిది బిడ్డా?"

పూలదండ ముడి. రెండు చుట్లు తిప్పి లోపల నుంచి లాగింది. కింద అంకె ఇరవై రెండు.

వాగు గుర్తొచ్చింది. వాళ్లమ్మగారి మొహం గుర్తొచ్చింది. చెయ్యి వదలనని చెప్పిన నా పెద్దరికం గుర్తొచ్చింది. తాత భుజం మీద చెయ్యి తీసేసి, "ఉరుకు" అన్నాడు. అంతే. నేను పరుగెత్తాను. గట్ల మీద రెండుసార్లు పడ్డాను, మోకాలు చీరుకుపోయిన సంగతి ఇంటికొచ్చాకగానీ తెలియలేదు.

ఆమె ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. అదే పలక, అదే కాగితం. నన్ను చూసి, "అయిపోవచ్చిందే, ఒక్క తోకే మిగిలింది" అంది. నేను అక్కడే కూలబడి ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. ముల్లు గుచ్చుకుందని చెప్పాను.

కాసేపటికి తాత ఆయాసపడుతూ చేరాడు. ఇప్పుడు తిడతాడు, ఆమె ముందే నా బండారం బయటపెడతాడు అని తల వంచుకున్నాను. తాత ఆ బొమ్మ వైపు చూసి, మెల్లగా ఒక రాయి మీద కూర్చుని, కాలు చాపుకున్నాడు. "తోక లేని పామును ఇంటికెట్ల తీస్కపోతవు? ఆరాంగ గీయి బిడ్డా" అన్నాడు. అక్కడ చెరువుకట్ట మీద డ్రైవరన్న హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఇక్కడ నా స్నేహితురాలు తోక గీస్తోంది. తాత ఎంత తీరిగ్గా చూశాడంటే ఆ పాముకు తోక కాస్త పొడవే వచ్చింది.

తిరిగి వస్తున్నప్పుడు ఆమె పూలు కోస్తూ ముందు నడిచింది. అప్పుడు అన్నాడు తాత, నాకొక్కదానికే వినబడేటట్టు. "బిల్లకు అబద్ధమాడుడు రాదు బిడ్డా. దాన్ని కట్టినోళ్లే ఆడుతరు. ఆ రాతి మీద పాదాలున్నయంటే ఎవలో నిలబడ్డరనే కదా నేను దండం పెట్టిన." తిట్టడం అంతటితో సరి. బస్సు ఎక్కగానే ఇరవై రెండో బిల్లను ముడి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. కొత్త పురికొస ఇచ్చాడు. ఆమె తన సీతాకోకచిలుకను తానే కట్టుకుంది.

"కట్టె దొరికిందా తాతా?" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు. "యాడిది, ఆ పామే మింగినట్టున్నది" అన్నాడు తాత. బస్సు నవ్వుతో ఊగిపోయింది. ఈసారి నేను ముందు కూర్చోలేదు. వెనక తాత పక్కన, నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నా కాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే సీటు కింద, గోడకు ఆనించి, తాత వెదురు కర్ర. నేను తలెత్తేలోగా ఆయన మంచి కాలితో దాన్ని ఇంకాస్త లోపలికి నెట్టేసి, కిటికీలోంచి పొలాలు చూడటం మొదలుపెట్టాడు.

ఆ అబద్ధం తాతకు చాలా రోజులు బరువైంది. కర్ర పోగొట్టుకున్నవాడు కర్రతో దిగలేడు కదా, క్వార్టరు దాకా నా భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే నేను డ్రైవరన్న ఇంటి ముందున్న బస్సెక్కి, ఎవరూ చూడకుండా కర్ర తెచ్చాను. దాన్ని మంచం కింద దాచాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికే ఇంజనీరుగారు "పాపం పెద్దాయన" అని పొన్ను బిగించిన కొత్త చేతికర్ర ఒకటి పంపించారు. తాత దాన్ని రెండు చేతులా తీసుకుని నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. బాయి మీద మాత్రం ఆయన పరువు పోయింది. ముప్పై ఏళ్లు ఒక్క బిల్ల తప్పని మనిషికి మతిమరుపు తాత అని కొత్త పేరొచ్చింది. పని మానేసిన రోజున దండలు వేసినవాళ్లు కూడా ఆ మాటే అని నవ్వారు. తాత వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ పక్కన దండల పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం నవ్వు రాలేదు. నా తప్పును ఆయన తన మతిమరుపుగా మార్చుకుని మోస్తున్నాడని ఆ ఊరిలో తెలిసింది నాకొక్కదానికే.

తర్వాత నేను బడిపంతులమ్మనయ్యాను. నా సర్వీసంతా హాజరుపట్టీలో తల ఎత్తి మొహం చూడకుండా ఒక్క గీత పెట్టలేదు. పిల్లలు దొంగ హాజరు పలకడం మానేసి, టీచరమ్మకు చూపు బాగానే ఉందని చెప్పుకునేవాళ్లు.

నా స్నేహితురాలి నాన్నగారికి బదిలీ అయి వాళ్లు ఊరు మారిపోయారు. ఉత్తరాలూ, ఆ తర్వాత ఫోన్లూ మాత్రం మానలేదు. పోయిన చలికాలంలో తన మనవరాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందరం కలిసి కారులో ధూళికట్ట వెళ్లాం. నేనూ ఇప్పుడు చేతికర్ర మనిషినే. పిల్లలు సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటూ దిబ్బ చుట్టూ తిరుగుతుంటే మేమిద్దరం పాత ఇటుకల పక్కన కూర్చున్నాం. ఎన్నో ఏళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన మాటను ఆ రోజు చెప్పేశాను. తాత కర్ర మరిచిపోలేదే, నేనే నిన్ను మరిచిపోయానని.

ఆమె నవ్వింది. "తెలుసు" అంది. "బస్సు వెళ్లిపోయిన చప్పుడు నాకు వినపడింది కదా."

నాకు మతిపోయింది. భయం వేయలేదా, అరవలేదేం, వెనక పరుగెత్తలేదేం అని ఊపిరాడకుండా అడిగాను.

"ఎందుకే? నా బిల్ల నీ దగ్గరుందిగా. ఎక్కడికి పోతావులే అనుకుని తోక గీసుకుంటూ కూర్చున్నాను" అంది, అదేదో చాలా మామూలు సంగతైనట్టు.

అందరం కారు దగ్గరికి వచ్చాం. పిల్లలు ఎక్కారు, ఆమె ఎక్కింది. డ్రైవరు ఇంజను వేసి, "అందరూ ఎక్కారా మేడం?" అని అడిగాడు. నేను ఎక్కబోయినదాన్ని మళ్లీ కిందికి దిగాను. కర్ర ఆనించి నిలబడి, కిటికీలోంచి ఒక్కొక్క మొహమే చూశాను. ఆమె మొహం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను. అప్పుడు చెప్పాను, అందరూ ఎక్కారని.